అమ్మ మందులకి నెలకి 3,260... ఈ చీటీలో నిజంగా కావలసినవి ఎన్ని?

కాలవగట్టు_పిల్ల
మా అమ్మ పి.గన్నవరం దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. 63 ఏళ్ళు. బీపీ, షుగర్ రెండూ ఆరేళ్ళ నుంచి ఉన్నాయి. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. పండక్కి వచ్చి బెల్లం డబ్బా కోసం అల్మరా తీస్తే రబ్బరు బ్యాండు వేసిన మందుల బిల్లుల కట్ట కనబడింది. పోయిన నెలది 3,260. ఎప్పుడూ నాకు చెప్పలేదు. అడిగితే "నీకెందుకులే టెన్షన్" అంటుంది. కొబ్బరి దింపు తీయించి కాయలు అమ్మితే వచ్చే డబ్బులో సగం దీనికే పోతోంది.

బిల్లులో ఉన్నవి ఇవి: బీపీ బిళ్ళ 405, షుగర్ బిళ్ళ రోజుకి రెండు కాబట్టి 480, కొలెస్ట్రాల్ 300, గ్యాస్ బిళ్ళ 450, నరాల క్యాప్సూల్ 720, కాల్షియం 330, ప్రొటీన్ పౌడర్ డబ్బా 575.

డాక్టరు గారి ఫీజు మాత్రం 100 రూపాయలే. మందులు ఆ క్లినిక్ వరండాలో ఉన్న షాపులోనే కొనాలి. అదే చీటీ పట్టుకుని రావులపాలెంలో నాలుగు షాపులు తిరిగాను. మూడు మందుల పేర్లు అక్కడ ఎవరూ విననే లేదన్నారు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాగే రాస్తున్నారా? ఇందులో ఏవి మానొచ్చు? ఆయన్నే అడుగుదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. "రాత్రి పదకొండింటికి తలుపు కొట్టినా లేచొస్తాడే ఆయన" అంటుంది. అదీ నిజమే.

అరటిగెల
మా ఇంట్లోనూ ఇదే కథ. నాన్నగారికి మూడు రోజుల జ్వరం వస్తే చీటీలో ఎనిమిది రకాలు. జ్వరానికి ఒకటి, మిగతా ఏడూ ఆ ఒక్కదానికి తోడు పెళ్ళికొడుకులు.

రేవుకాడ_సఖినేటిపల్లి
ఏవి మానొచ్చు అని మాత్రం ఇక్కడ అడక్కండమ్మా. మా మేనత్త ఇలాగే ఎవరో చెప్పారని బీపీ బిళ్ళ ఆపేసింది. ఇరవై రోజులకి మూతి వంకర పోయింది. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద నర్సాపురం దాటించి తీసుకెళ్ళాం. ఇప్పటికీ కుడి చెయ్యి సరిగ్గా లేవదు. ఖర్చు తగ్గించే దారులు అడగండి, చెబుతారు.

కాలవగట్టు_పిల్ల
సరేనండి, ఆపను. అమ్మ వింటే ముందు బీపీ బిళ్ళే మానేసేలా ఉంది, అదే ఖరీదు అనుకుంటోంది.

రిటైర్డ్_మాస్టారు
ఖరీదు అది కాదమ్మా, నీ బిల్లే చెబుతోంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మూడూ కలిపితే 1,185. గ్యాస్, నరాలు, కాల్షియం, పౌడర్ కలిపితే 2,075. అంటే అసలు జబ్బుకి పోయే డబ్బు కంటే పక్కవాటికి పోయేది ఎక్కువ. ముందు ఆ నాలుగింటి గురించి డాక్టరు గారిని అడగాలి. బీపీ బిళ్ళ జోలికి వెళ్ళొద్దని మీ అమ్మగారికి ఇదే లెక్క కాగితం మీద వేసి చూపించు.

మందులషాపు_తణుకు
17 ఏళ్ళుగా కౌంటర్ వెనక ఉన్నాను. తెలిసినంత చెబుతాను, కొంచెం పొడుగు అవుతుంది.

ఆ మూడు పేర్లు ఎవరూ వినకపోవడానికి కారణం ఉంది. మందులు తయారు చేసే ఫ్యాక్టరీ వేరు, పేరు పెట్టి అమ్మేవాడు వేరు. దీన్ని మా లైన్‌లో పీసీడీ అంటారు. ఒకాయన ఒక జిల్లాకో రెండు మండలాలకో ఒక కంపెనీ పేరు తీసుకుంటాడు. ఆ పేరుతో బిళ్ళలు ఎవరో తయారు చేసి పంపుతారు. ఆయన నలుగురైదుగురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడుకుంటాడు. ఆ పేరు ఆ నలుగురి చీటీల్లోనే కనిపిస్తుంది, ఆ పక్క షాపుల్లోనే దొరుకుతుంది. మందు నకిలీ అని నేను అనడం లేదు, చాలావాటిలో సరుకు సరిగ్గానే ఉంటుంది. కానీ ధర పోల్చుకోవడానికి మీకు దారి ఉండదు.

అందుకే స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, ఎన్ని ఎంజీ అనేది చూడండి. ఆ చిన్న పేరు ఏ షాపులో చెప్పినా అర్థమవుతుంది. మీ అమ్మగారి స్ట్రిప్పుల మీద ఏముందో ఇక్కడ రాయండి.

ఇంకో సంగతి. కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా ఆ అసలు మందు పేరుతో అమ్మేదాన్ని జనరిక్ అంటారు. "జనరిక్, 50 శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టిన ప్రతి షాపునీ నమ్మొద్దు. పది రూపాయలకి మాకు వచ్చే స్ట్రిప్ మీద ఎంఆర్‌పీ 90 అచ్చు వేసి ఉంటుంది. సగం తగ్గించి 45కి ఇచ్చినా మాకు 35 మిగులుతుంది. తగ్గింపు శాతం చూడొద్దు, చివరికి ఎంత కట్టారో అది చూడండి.

అరటిగెల
పది రూపాయల దాని మీద 90 వేయొచ్చా? అడిగేవాళ్ళు లేరా?

మందులషాపు_తణుకు
అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి ఎన్‌పీపీఏ (మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ) గరిష్ఠ ధర కడుతుంది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, అటోర్వాస్టాటిన్ అన్నీ అందులోవే. జాబితాలో లేని వాటికి ఎంఆర్‌పీ కంపెనీ ఇష్టం. ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు, అంతే. మొదట్లోనే ఎక్కువ వేసుకుంటే ఆ రూలు ఏం చేస్తుంది?

కాలవగట్టు_పిల్ల
కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ లైటు వేసి చదివాను.
బీపీ: టెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5.
షుగర్: గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500.
కొలెస్ట్రాల్: అటోర్వాస్టాటిన్ 10.
గ్యాస్: పాంటోప్రజోల్ 40, డాంపెరిడోన్ 30.
నరాలు: మిథైల్‌కోబాలమిన్, ప్రిగాబలిన్ 75, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ఇంకా రెండు విటమిన్లు.
కాల్షియం: విటమిన్ డి3 కలిపినది.
పౌడర్ డబ్బా మీద మందు పేరు ఏమీ లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంది.

మందులషాపు_తణుకు
ఎఫ్ఎస్ఎస్ఏఐ అంటే ఆహార పదార్థాలకి లైసెన్సు ఇచ్చే కేంద్ర సంస్థ. ఆ నంబరు ఉందంటే చట్టం లెక్కలో అది మందు కాదు, ఆహారం. హార్లిక్స్ డబ్బాతో సమానం. మందుల ధరల నియంత్రణ దానికి వర్తించదు. చీటీలో రాసినంత మాత్రాన అది మందు అయిపోదు. చాలా విటమిన్ బిళ్ళలు కూడా ఇప్పుడు ఇదే నంబరుతో వస్తున్నాయి, స్ట్రిప్ తిప్పి చూసుకోండి.

పూతరేకు_ఆత్రేయపురం
575 పెట్టి పౌడర్ కొనే బదులు రోజూ రెండు కోడిగుడ్లు, ఒక గ్లాసు మజ్జిగ తీసుకోవడం మేలు. మా అత్తగారికి డాక్టరే ఆ మాట చెప్పాడు. ఆయన గుడ్లు అన్నాడు, ఈవిడ పూతరేకులు తినొచ్చా అని అడిగింది. నవ్వి "వాసన చూడండి" అన్నాడట.

పల్లె_డాక్టరు
చదువుతున్నాను, ఉండబట్టలేక రాస్తున్నాను. నేను కూడా డెల్టాలో ఒక చిన్న ఊళ్ళో ప్రాక్టీస్ చేస్తున్నవాడినే.

ముందు ఈ చీటీ గురించి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ బిళ్ళలు సరైనవే, ఆ వయసుకి నేనూ అవే రాస్తానేమో. గ్యాస్ బిళ్ళ రోజూ ఏళ్ళ తరబడి వాడాల్సిన అవసరం అందరికీ ఉండదు. నొప్పి బిళ్ళలో ఆస్పిరినో రోజూ వాడేవాళ్ళకి కడుపు కాపాడటానికి రాస్తాం. ఆవిడకి అలాంటిది లేకపోతే ఆపే సంగతి అడగొచ్చు. నరాల క్యాప్సూల్ మాత్రం పూర్తిగా వృథా అనలేను. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బీ12 తగ్గుతుంది, గ్యాస్ బిళ్ళ కూడా తగ్గిస్తుంది. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయేమో అడగండి. ఉంటే బీ12 అవసరమే, కానీ ఆ ఐదు కలిపిన ఖరీదైన క్యాప్సూల్ అవసరం లేకపోవచ్చు. ప్రిగాబలిన్ ఉంది కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఇక రెండో సంగతి. ఫీజు 100 అని రాశారు. అద్దె, కరెంటు, నర్సు, కాంపౌండరు జీతం ఆ 100లోంచి రావు. ఫీజు 150 చేసిన నెలలో నా దగ్గరికి వచ్చేవాళ్ళు మూడో వంతు తగ్గిపోయారు. పక్క వీధిలో 50కి సూది వేసే ఆయన దగ్గరికి వెళ్ళారు. మందులకి వెయ్యి పెట్టేవాళ్ళు కూడా ఫీజు దగ్గర బేరమాడతారు. అందుకే చాలామంది షాపు అద్దె మీదా, దాని లాభం మీదా బతుకుతున్నారు. ఇది తప్పు అని నాకూ తెలుసు. ఎందుకు జరుగుతోందో చెబుతున్నాను.

అరటిగెల
డాక్టరు గారూ, మీరు నిజం చెప్పారు కాబట్టి నేనూ నిజం చెబుతాను. ఫీజు 300 తీసుకోండి, ఇస్తాం. చీటీలో నాలుగు బిళ్ళలే రాయండి. 100 తీసుకుని 2,000 వెనక దారిన లాగితే మాకు తెలియక పోతోంది, తెలిసిన రోజున మీ మీద నమ్మకం పోతోంది.

రొయ్యలచెరువు_భీమవరం
300 నువ్విస్తావ్ అన్నా, కూలికి వెళ్ళేవాడు ఇవ్వగలడా? నా చెరువుల మీద పనిచేసే వాళ్ళు 50 రూపాయలకి ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. జలుబు చేసినా పెద్ద యాంటీబయాటిక్ మూడు పూటలకి పొట్లం కట్టి ఇస్తాడు. కోర్సు పూర్తి చేయరు, మళ్ళీ వస్తే ఇంకా పెద్దది.

నాకు కడుపు మండేది ఇక్కడే. రొయ్యకి నేను క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ వాడితే, విదేశాల్లో పరీక్షలో దొరికిపోయి కంటైనర్ కంటైనరే వెనక్కి వస్తుంది. శాంపిల్ తీయకుండా ప్రాసెసింగ్ వాళ్ళు సరుకు ముట్టుకోరు. రొయ్య ఒంట్లో మందు ఎంతుందో చూడటానికి అంత వ్యవస్థ ఉంది. నా మనుషులకి వారం వారం ఏం మింగిస్తున్నారో చూసేవాళ్ళు లేరు.

మందులషాపు_తణుకు
చూడమనే చట్టం ఉంది బాబాయ్. 2014 నుంచి హెచ్1 షెడ్యూలు అమల్లో ఉంది. చాలా పెద్ద యాంటీబయాటిక్స్ అందులో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మామో రిజిస్టర్ రాసి మూడేళ్ళు దాచాలి. మేం రాస్తున్నాం. పొట్లాలు కట్టేవాడికి రిజిస్టర్ ఎక్కడిది?

లంకలోడు
పొట్లాల సంగతి నేను చెబుతాను. మా మామగారికి మోకాళ్ళ నొప్పులు. గోదావరి మధ్య లంకలోంచి నాటుపడవ ఎక్కి, దిగి, టౌనుకి వెళ్ళే ఓపిక లేదు. ఊళ్ళోకి బండి మీద వచ్చే ఆయన రంగు రంగుల బిళ్ళలు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. స్ట్రిప్ ఉండదు, పేరు ఉండదు. రెండో రోజుకే నొప్పి పోయింది, దేవుడు అన్నాం. ఎనిమిది నెలలకి మొహం గుండ్రంగా ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగర్ 380కి వెళ్ళింది. కాకినాడ పెద్దాసుపత్రిలో చూసి ఆ బిళ్ళల్లో స్టెరాయిడ్, నొప్పి బిళ్ళ రెండూ ఉన్నట్టుంది అన్నారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1, అంటే ఎక్కువే. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికి ముప్పని చెప్పి, డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రెండు నెలల్లో మాన్పించారు.

ఆయనకి మేం ఇచ్చింది వారానికి 120 రూపాయలే. చవకే. అందుకని అంటున్నాను, బిల్లు తక్కువ అయితే మంచి వైద్యం అనుకోకండి. స్ట్రిప్ లేని బిళ్ళ ఇంట్లోకి రానివ్వొద్దు.

పూతరేకు_ఆత్రేయపురం
అయ్యో. ఇప్పుడెలా ఉన్నారు?

లంకలోడు
తిరుగుతున్నారు. షుగర్ మాత్రం ఉండిపోయింది.

సెలైన్_వద్దు
మా ఊళ్ళో నీరసం అంటే చాలు సీసా ఎక్కించాల్సిందే. ఎక్కించకపోతే మనమే ఊరుకోం. అరలీటరు గ్లూకోజ్ సీసా ఐదు శాతం అంటే అందులో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజు. గ్లాసు పానకంలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. నోటితో తాగగలిగే మనిషికి సీసా ఎందుకు? మంచం, సూది, సీసా కలిపి 600 తీసుకుంటారు. వాంతులై ఏమీ నిలవనివాళ్ళకీ, బాగా పడిపోయినవాళ్ళకీ అది ప్రాణం నిలుపుతుంది, కాదనను.

పల్లె_డాక్టరు
సూది వేయకపోతే "ఈ డాక్టరు ఏమీ చేయలేదు" అనే మాట నేను వారానికి పదిసార్లు వింటాను. ఈ పోస్టు ప్రింటు తీసి నా గదిలో అంటించుకోవాలని ఉంది.

రిటైర్డ్_మాస్టారు
పేరు స్పష్టంగా రాయించుకునే హక్కు మనకి ఉంది. 2002 నాటి వైద్యుల నియమావళిలోనే వీలైనంత వరకు అసలు మందు పేరుతో రాయమని ఉంది. 2016లో దాన్ని సవరించి, చదవగలిగేలా, వీలైతే పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాయమన్నారు. 2023 ఆగస్టులో జనరిక్ పేరే తప్పనిసరి అంటూ కొత్త నియమాలు తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టేశారు. మందులు ఎక్కడ కొనుక్కోవాలో రోగి ఇష్టమని రోగుల హక్కుల పత్రంలో ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన ఆ పత్రాన్ని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి పంపింది. ఆసుపత్రిలోని షాపులోనే కొనమని బలవంతం చేస్తున్నారన్న కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పని రాష్ట్రాలు చూసుకోవాలని వదిలేసింది. కాబట్టి ఇప్పటికి అడగాల్సింది మనమే.

రేవుకాడ_సఖినేటిపల్లి
మాస్టారూ, పత్రం చూపించి అడిగితే మళ్ళీ రాత్రి పదకొండింటికి తలుపు తీస్తాడా? ఊళ్ళో ఉన్నది ఒక్క డాక్టరు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు వచ్చి పోట్లాడి వెళ్ళిపోతే ఇక్కడ ఉండాల్సింది వాళ్ళమ్మ.

రిటైర్డ్_మాస్టారు
పోట్లాడమనలేదు. అడగమన్నాను. అడిగే తీరులోనే ఉంది. అయినా నీ మాట ఒప్పుకుంటున్నాను, పత్రం జేబులోనే ఉంచుకోవాలి.

లేసుపార్కు_నర్సాపురం
104 బండి సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా ఊరికి వస్తుంది, బీపీ, షుగర్ చూసి బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. పీహెచ్‌సీలోనూ ఇస్తారు. నేను ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ అక్కడే తీసుకుంటున్నాను. "గవర్నమెంటు బిళ్ళ పనిచేయదు" అని మా తోటికోడలు అంటే రెండు వారాలు రోజూ బీపీ చూసి నోటుబుక్కులో రాసి చూపించాను. 130, 80 దగ్గరే నిలబడింది. ఇప్పుడు ఆవిడా తెచ్చుకుంటోంది. ఒక్కోసారి స్టాకు అయిపోతుంది, అదొక్కటే ఇబ్బంది.

మస్కట్_లో_నేను
అక్కా కాలవగట్టు, ఆ నరాల క్యాప్సూల్ పేరు చూసి రాస్తున్నాను. ప్రిగాబలిన్ మీద, ట్రమడాల్ అనే నొప్పి మందు మీద గల్ఫ్ దేశాల్లో చాలా కట్టుదిట్టం. మా రూంలో ఒకామె రాజోలు నుంచి వస్తూ ఆరు నెలలకి సరిపడా ఇలాంటివే సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. ఎయిర్‌పోర్టులో గంటల తరబడి ఆపేశారు. ఆమెకి అందులో ఏముందో తెలియదు, నరాల బలం బిళ్ళలనే తెలుసు. మన కోనసీమ నుంచి వచ్చేవాళ్ళు స్ట్రిప్ మీద చిన్న అక్షరాలు చదివించుకుని, డాక్టరు చీటీతో సహా రావాలి.

అరటిగెల
ఇది నిజంగా నాకు తెలియదు. మా చెల్లి వచ్చే నెల కువైట్ వెళ్తోంది, ఈ రాత్రే బ్యాగు విప్పిస్తాను.

మోడరేటర్
ఒకరు క్లినిక్ పేరు రాశారు, తీసేశాను. డాక్టర్ల పేర్లు, ఆసుపత్రుల పేర్లు వద్దు. మందుల పేర్లు, ధరలు రాయండి.

సెలైన్_వద్దు
జన్ ఔషధి అని కేంద్ర ప్రభుత్వ పథకం కింద చవక మందుల షాపులున్నాయి కదా, ఆ మందులు నాణ్యంగా ఉంటాయా? అంత చవక ఎలా?

మందులషాపు_తణుకు
ప్రచారం ఖర్చు లేదు, డాక్టర్ల చుట్టూ తిరిగే కంపెనీ రెప్‌లు లేరు, మధ్యలో చేతులు తక్కువ. 2008లో మొదలైన పథకం అది. షాపుకి పంపేముందు ప్రతి బ్యాచ్‌నీ ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్షిస్తారు. నా వ్యాపారానికి పోటీ అయినా మా అమ్మకి బీపీ బిళ్ళ అక్కడి నుంచే తెస్తాను. జాగ్రత్త ఎక్కడంటే థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు కంపెనీ మార్చే ముందు డాక్టరుకి చెప్పాలి. వాటిలో చిన్న తేడా కూడా పట్టించుకోవాల్సిందే. మార్చాక పరీక్ష చేయించుకోవాలి.

ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకోండి, బిల్లు లేకుండా కొనొద్దు.

కాలవగట్టు_పిల్ల
వారం తర్వాత రాస్తున్నాను. నిన్న అమ్మతో కలిసి వెళ్ళాను. పత్రాలు ఏవీ తీయలేదు మాస్టారూ. మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, "అమ్మకి ఇన్ని గుర్తుండటం లేదండి, పొద్దున వేసుకోవాల్సింది రాత్రి వేసుకుంటోంది, కొన్ని తగ్గించగలరా" అని అడిగాను. అది అబద్ధం కాదు, నిజంగానే అలా జరుగుతోంది.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ తీసి చూశారు. గ్యాస్ బిళ్ళ రాసి మూడేళ్ళయిందని ఆయనకే గుర్తులేదు. మొదట్లో నడుం నొప్పి బిళ్ళతో పాటు రాశారట. నొప్పి బిళ్ళ ఆగిపోయింది, ఇది మాత్రం సాగుతూ వచ్చింది. దాన్ని రెండు వారాల పాటు రోజు విడిచి రోజు వేసి ఆపేయమన్నారు. పౌడర్ కొట్టేశారు. తిమ్మిర్లు అడిగితే అమ్మ ఉన్నాయంది. నాకెప్పుడూ చెప్పలేదు. నరాల క్యాప్సూల్ మెల్లగా తగ్గించి, ఉత్త మిథైల్‌కోబాలమిన్ రాస్తానన్నారు. కాల్షియం ఉంచారు.

మందులు అమలాపురం జన్ ఔషధిలో తెచ్చుకోవచ్చా అని అడిగినప్పుడు మాత్రం మొహం కొంచెం మారింది. కానీ అసలు మందు పేర్లు పెద్ద అక్షరాల్లో రాసి ఇచ్చారు. "నెలకోసారి బీపీ చూపించుకోవడం మానొద్దమ్మా" అన్నారు. ఫీజు 100 ఇస్తే అమ్మ నా చేతిలోంచి ఇంకో 100 లాక్కుని అక్కడ పెట్టింది. ఆయన వద్దన్నారు, అమ్మ వినలేదు.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బీ12, కాల్షియం ఐదూ కలిపి ఈ నెల 342 అయ్యింది. తగ్గించే వరకు పాత నరాల క్యాప్సూళ్ళు ఇంకో స్ట్రిప్ మిగిలే ఉంది.

పల్లె_డాక్టరు
మూడేళ్ళ గ్యాస్ బిళ్ళ చదివి నా పాత పేషెంట్ల చీటీలు తిరగేశాను. పాత చీటీనే కాపీ చేసినవి నా దగ్గరా ఉన్నాయి. రేపటి నుంచి ఆరు నెలలు దాటిన ప్రతి చీటీ మొదటి నుంచి చూస్తాను. అమ్మగారికి రెండు వారాలయ్యాక ఇంట్లో బీపీ, పరగడుపు షుగర్ చూడండి.

రేవుకాడ_సఖినేటిపల్లి
ఆ రెండో వంద దగ్గర మీ అమ్మగారికి దణ్ణం పెట్టాలి.

లంకలోడు
మా లంకవాళ్ళకి ఒక్క మాట. 2022 జూలై వరదల్లో మాకు వారం పైగా దారి లేదు, సగం మందికి షుగర్ బిళ్ళలు అయిపోయాయి. చవగ్గా దొరుకుతున్నాయి కదా, జూన్‌లోనే ఒక నెలవి అదనంగా తెచ్చి పెట్టుకోండి.

లేసుపార్కు_నర్సాపురం
అమలాపురం షాపు ఎన్నింటి దాకా ఉంటుంది? మా వదిన వాళ్ళు ఎల్లుండి వెళ్తారట.

కాలవగట్టు_పిల్ల
మధ్యాహ్నం మూసి ఉంది, సాయంత్రం ఐదింటికి వెళ్ళి తెచ్చాను. కాల్షియం ఆఖరి మూడు స్ట్రిప్పులు నేనే తీసుకున్నాను, మళ్ళీ సరుకు వచ్చిందో లేదో ఫోన్ చేసి వెళ్ళమనండి.